గంగన్న వాటా

టింగుమని ఫోను మోగింది. డబ్బు చేరినట్టు తెర మీద ఆకుపచ్చ గుర్తు పడింది. దాని కింద పేరు చదివి శోభనాద్రి గిలకలదిండి రేవులో, వేలంపాట షెడ్డులోనే చతికిలబడ్డాడు. గంగన్నకు పంపాల్సిన నాలుగు వేల రెండొందలు నాగేంద్రబాబుకు వెళ్ళాయి.

నాగేంద్రబాబు కార్తీకమాసం తుపానులో ఇదే పడవ మీద నుంచి సముద్రంలో పడిపోయినవాడు. శవం కూడా దొరకలేదు. అతని చోట్లోకే గంగన్న వల లాగే కలాసీగా వచ్చాడు.

పక్కనే రొయ్యలు ఏరుతున్న ఎల్లమ్మ మొగుడి చేతిలోంచి ఫోను లాక్కుంది. పడవ నడిపే సరంగుకి నలుగురికి డబ్బు పంచడం చేతకాదా అని ఎత్తిపొడవబోయి, ఆ పేరు చూసి మొగుడి వైపు తిరిగింది.

"ఆ తాడు కనపడిందే. దాన్నే చూస్తూ నొక్కేశాను," అన్నాడు శోభనాద్రి.

పడవను గట్టుకు కట్టిన తాడు ఎదురుగానే ఉంది. ముడి ఎడమచేతి వాటంగా, అచ్చం నాగేంద్రబాబు వేసినట్టే ఉంది. గంగన్నదీ ఎడమచేతి వాటమే కాబోలు అనుకుంటుండగానే చనిపోయినవాడు గుర్తొచ్చాడు. మనసు ఎక్కడుందో వేలూ అక్కడికే పోయింది.

పోయినా పర్వాలేదు అనుకునే డబ్బు కాదది. గంగన్న కూతురు దివ్యశ్రీ నర్సింగు పరీక్షకు ఫీజు కట్టడానికి ఇవాళ సాయంత్రమే గడువు. కట్టకపోతే పిల్లకి ఏడాది పోతుంది. చేపలు అమ్ముడైన మరుక్షణం నీ వాటా నీ ఫోనులో ఉంటుందని నిన్న శోభనాద్రే మాటిచ్చాడు. ఇప్పుడు తన వాటాలోంచి ఇద్దామంటే అది డీజిలు బాకీకి ఎప్పుడో పోయింది. మిగతా కలాసీలు ఎవరి డబ్బు వాళ్ళు అందుకుని ఇళ్ళకు వెళ్ళిపోయారు.

పాపం, ఆ ఫీజు దిగులుతోనే కాబోలు గంగన్న పొద్దుటి నుంచి ఒక్క మాట మాట్లాడలేదు. మధ్యాహ్నమైనా విడవని పొగమంచులో, తువ్వాలు మొహానికి చుట్టుకుని పడవ ముక్కు దగ్గరే కూర్చున్నాడు. వల లాగేటప్పుడు మాత్రం ఇద్దరి పని ఒక్కడే చేశాడు. పెట్టిన అన్నం సముద్రం వైపు తిరిగి తిన్నాడు. పడవ కుండలో అన్నం తిన్నవాడికే వాటా అన్నది వాళ్ళ కట్టుబాటు. ఇవాళ ఐదు కంచాలు పెట్టారు, శోభనాద్రి తనతో కలిపి ఐదు వాటాలు తీశాడు. పడవ గట్టుకు తగలగానే గంగన్న తాడు కట్టి, ఎవరికీ చెప్పకుండా మంచులో కలిసిపోయాడు. కూతురి కాలేజీకే పరిగెత్తాడని అందరూ అనుకున్నారు.

బజారులో చేపలకు ఫోను మీదే డబ్బు తీసుకునే ఎల్లమ్మకు ఈ తంటాలన్నీ అలవాటే. పొరపాటున పంపిన డబ్బు వెనక్కి అడిగే చోటు యాప్‌లో వెతికి నొక్కింది. అవతలి మనిషి ఒప్పుకుంటేనే డబ్బు తిరిగి వస్తుందని అక్కడ రాసి ఉంది.

"అవతలి మనిషి ఎక్కడున్నాడే?" అన్నాడు శోభనాద్రి.

ఆ ఫోను పెళ్ళాం దగ్గర ఉంటుందిలే అని ధైర్యం చెప్పి, ఎల్లమ్మ నాగేంద్రబాబు భార్య సుమలతకు ఫోను చేసింది. సంగతంతా విని సుమలత, తుపాను రోజు ఆయన ఫోను ఆయన నడుముకే ఉందని, ప్లాస్టిక్ కవరులో చుట్టి తన చేతుల్తోనే కట్టానని చెప్పింది. శవం దొరకనిదే మరణ కాగితం ఇవ్వలేమన్నారట, ఆ కాగితం లేక బ్యాంకు ఖాతా కూడా అలాగే ఉందట.

"ఆ నంబరుకి నేను రోజూ చేస్తూనే ఉంటాను వదినా," అంది చివరికి. "ఇన్నాళ్ళూ స్విచాఫ్ అనే వచ్చేది. ఇవాళ పొద్దుటి నుంచి రింగవుతోంది."

ఎల్లమ్మ చప్పున ఫోను పెట్టేసింది. ఆ మాట శోభనాద్రి చెవిన కూడా పడింది. నలభై ఏళ్ళుగా సముద్రం మీద తిరిగినవాడే అయినా, గట్టు మీద కూర్చుని అంత భయపడటం అతనికి అదే మొదలు. ఇంతలో ఫోను మళ్ళీ టింగుమంది.

'మీ విన్నపాన్ని అవతలివారు తిరస్కరించారు. కారణం: పొరపాటు కాదు. నాకు రావలసిన డబ్బే.'

ఎల్లమ్మ గంగమ్మ తల్లిని తలుచుకుని లెంపలు వేసుకుంది. ఎవడో దొంగ ఆ నంబరు పట్టుకుని ఆడుతున్నాడని శోభనాద్రి అన్నాడు గానీ, ఆ మాట అతనికే నమ్మబుద్ధి కాలేదు. షెడ్డు బయట మంచు ఇంకా చిక్కబడుతోంది. తాడు చివర పడవ మెల్లగా ఊగుతోంది.

"దొంగో దెయ్యమో తరవాత చూద్దాం," అని ఎల్లమ్మ రొంటిన దోపుకున్న చీటీ డబ్బు తీసింది. "రేపు కట్టాల్సింది. ముందు ఆ పిల్ల ఫీజు కట్టనీ. గంగన్నకి ఫోను చెయ్యి."

శోభనాద్రికి కళ్ళు చెమర్చాయి. ఏ మొహం పెట్టుకుని చెప్పాలా అని ఇంతసేపూ దాటవేసిన ఫోను అప్పుడు చేశాడు. గంగన్న ఎత్తగానే, నీ వాటా కాస్త ఆలస్యమైంది, ఏమీ అనుకోకు, ఇదిగో ఇప్పుడే పంపుతున్నానని గబగబా చెప్పేశాడు.

గంగన్న అడ్డుపడ్డాడు. "నాకు వాటా ఏంటి మావయ్యా? మంచుకి నాగాయలంక బస్సు దారిలోనే ఆగిపోయింది. నేను రేవుకొచ్చేసరికే మీరు వెళ్ళిపోయారు. ఇవాళ నేను పడవే ఎక్కలేదు కదా."