పన్నెండో పసుపు కోటు

“ఇది పసుపంటారా? వీడికి కామెర్లు వచ్చినట్టుందండీ!”

కుంచె పక్కన పెట్టి, కిటికీ వెలుగులో బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసిందావిడ. వేలెడంత కూడా లేని సీసపు బొమ్మ. బాకా ఊదే బ్యాండువాడు. బల్లమీద వాడి తోటివాళ్ళు పదకొండుమంది, ఎండను కత్తిరించి కోట్లు కుట్టించుకున్నట్టు మెరిసిపోతున్నారు.

బొమ్మల మాస్టారు కుర్చీలో కూర్చుని ఉన్నారు. కుడిచేతికి మోచేతిదాకా తెల్లటి సిమెంటు కట్టు. నాలుగు రోజుల కిందట స్టూలు మీంచి జారిపడ్డారు. రేపు పొద్దున్నే బొమ్మల పోటీ. పన్నెండుమందీ లేకపోతే మేళాన్ని లోపలికే రానివ్వరు. అలా, పెళ్ళయిన ముప్ఫై ఏళ్ళకు ఆయన కుంచె ఆవిడ చేతికొచ్చింది.

“నల్ల పూత మీద పసుపు వేస్తే ఆకుపచ్చ తిరుగుతుందని చెప్పానా? తుడిచెయ్. ముందు తెల్ల పూత వెయ్యి. దానిమీద పసుపు, పల్చగా, పాలలా. ఒకటి ఆరాకే ఇంకోటి.”

“ఆరేదాకా ఏం చెయ్యను?”

“నన్ను తిట్టు. రోజూ చేసేదేగా.”

ఆవిడ తిట్టింది కూడా. తిడుతూనే మూడు పూతలు వేసింది. భోజనాల వేళ దాటిపోయింది. ఈసారి కామెర్లు తగ్గాయిగానీ, కోటు ఉతికి ఉతికి వెలిసిపోయినట్టు తేలింది.

“మీరేదో దాస్తున్నారు. ఏటా మొదటి బహుమతి మీదే. ఎవరడిగినా నవ్వి ఊరుకుంటారు. కట్టుకున్నదానికైనా చెప్పరా?”

“వృత్తి రహస్యం,” అన్నారు మాస్టారు పైకప్పు వైపు చూస్తూ.

“ఆ రేకు డబ్బాలోనేనా? తాళంచెవి మెళ్ళో వేసుకుని మరీ తిరుగుతారు, అందులో నగలున్నట్టు.”

“పాత కుంచెలే, ఇంకేం లేవు.”

“అయినా నన్నంటే ఏం లాభం? నేను జన్మలో పట్టిన కుంచె గోళ్ళరంగు సీసాలోది ఒక్కటే. అదీ మానేశాను, మీ అక్క పుణ్యమా అని.”

మాస్టారికి పొలమారింది.

ఆ సంగతి తలుచుకుంటే ఆవిడకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. తమ్ముడి పెళ్ళికని గులాబీ గోళ్ళరంగు కొని దాచుకుంటే, తీరా పెళ్ళిరోజు పొద్దున సీసా ఖాళీ. ఇంట్లో ఉన్న ఇంకో ఆడమనిషి ఆడపడుచు ఒక్కతే. “అడిగితే నేనివ్వనా వదినా?” అన్న ఒక్క మాటకి ఆమె పెట్టె సర్దుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ ఈ గడప తొక్కలేదు. ఇద్దరూ మంచమ్మీద చేరి, ఈ మాస్టారిమీదే జోకులేసుకుని, పొట్టలు పట్టుకుని నవ్విన రోజులెన్నో. తనే ముందు ఫోను చేద్దామని ఎన్నోసార్లు అనుకుంది. కానీ తనెందుకు చెయ్యాలి? తప్పు తనది కాదుగా!

“నువ్వెళ్ళి ఓ కునుకు తియ్యి. మిగతాది ఎడంచేత్తో నేను చూసుకుంటా,” అన్నారు మాస్టారు.

“ఎడంచేత్తో చొక్కా గుండీ పెట్టుకోలేకపోతున్నారు!”

“కళాకారుడికి రెండూ కుడిచేతులేనోయ్. వెళ్ళు, వెళ్ళు.”

ఆవిడ ఓ కునుకు తీసి లేచి, మొహం కడుక్కుని, టీ పట్టుకొచ్చేసరికి బల్లమీద పన్నెండుమంది వరసగా నిలబడి ఉన్నారు. వాళ్ళలో పన్నెండోవాడెవడో పోల్చుకోవడానికి ఆవిడకు కళ్ళజోడు కావలసివచ్చింది. కోటు గుడ్డు సొనలా నిండుగా, లోపల దీపం పెట్టినట్టు వెచ్చగా ఉంది.

“ఎంత బాగా చేశారండీ!” అని చప్పట్లు కొట్టింది.

మాస్టారు పొంగిపోయి కప్పు కోసం ఎడంచెయ్యి చాచారు. కప్పు అందిస్తూ వంగిన ఆవిడ అలాగే ఆగిపోయింది. తెల్లటి కట్టుమీద, మణికట్టు దగ్గర, ఆవగింజంత గులాబీ చుక్క.

“ఇదేమిటి?”

“అడుగు పూత. కింద గులాబీ ఉంటేనే పైన పసుపుకి ప్రాణమొస్తుంది.” మాస్టారి గొంతు సన్నబడింది. “రహస్యం అంతే. టీ బాగుంది.”

ఆవిడ ముక్కు ఆ చుక్క దగ్గర పెట్టి వాసన చూసింది. మాస్టారి మొహం వైపు చూసింది. రేకు డబ్బా వైపు చూసింది. పదిలంగా తాళం వేసే ఉంది. నవ్వు ఆపుకోలేక బల్ల పట్టుకుని, రెండో చేత్తో ఫోను అందుకుంది.

“ఎవరికి?” అన్నారు మాస్టారు కంగారుగా.

ఆరేళ్ళుగా నొక్కని నంబరు వేళ్ళు మర్చిపోలేదు. మూడోసారి మోగాక అవతల “హలో” అని ముక్తసరిగా వినిపించింది.

“వదినా, దొంగ దొరికాడు!”