షేకు గారింటి వంట

"బాబూ, షేకు గారికి ఏం చేసిపెడతారో అదే మాకూ చేసిపెట్టండి," అంటూ వరప్రసాదం రొయ్యల బుట్ట తెచ్చి వంటింటి గడప దగ్గర పెట్టాడు.

లాజరు తల్లి వంక చూశాడు.

"సెలవు మీద వచ్చినోడండి. వాడికెందుకు పొయ్యి దగ్గర, నే చేస్తానుండండి," అంది తల్లి అచ్చాయమ్మ.

"మీ చేతి వంటకేం లోటు లేదమ్మా. అబ్బాయి దోహాలో షేకు గారింట్లో వంట చేస్తాడని చెప్పేరు కదా. మా పిల్లనిచ్చే ముందు ఆ రుచేదో చూద్దామని," అన్నాడు రాజోలు నుంచి వచ్చిన గంగయ్య. పెళ్ళికూతురు పుష్పలత తండ్రి ఆయన. బుట్ట తెచ్చిన వరప్రసాదం ఆ పిల్లకి మేనమామ.

"నేనూ దోహాలో పనిచేసొచ్చేనండి. అక్కడి వంట చూస్తే పోల్చుకోగలను," అన్నాడు వరప్రసాదం.

ఆ మాటతో లాజరుకి ముచ్చెమటలు పోశాయి. షేకు గారికి అతను ఏనాడూ టీ నీళ్ళయినా కాచి ఇచ్చిన పాపాన పోలేదు. అక్కడ గోడంత గాజుతొట్టి, దాన్నిండా సముద్రపు నీళ్ళు, అందులో రంగురంగుల చేపలు, పగడాలు. వాటికి మేత ముద్ద చేసి, ఫ్రీజర్లో గడ్డకట్టించి, పూటకింత విరిచి వేయడమే అతని కొలువు. ఇంట్లో మాత్రం వంటపని అని కోతలు కోశాడు. ఇప్పుడది బయటపడితే సంబంధం కాస్తా తప్పిపోతుంది. పుష్పలతను చూసొచ్చిన దగ్గర్నుంచీ అతనికి వేరే ధ్యాస లేదు. చేపలకు మేత వేసేవాడా అని ఆ పిల్ల నవ్విందంటే ఇక తలెత్తుకోలేడు.

వంటింట్లోకి వెళ్ళాడు. అరబ్బుల వంట ఒక్కటీ రాదు. పారిపోదామంటే పెరటి వెనక కాలవ. భయంతో బుర్ర పనిచేయడం మానేసింది. చేతులు మాత్రం తమకు తెలిసిన పనిలోకి దిగాయి. రొయ్యలు ఒలిచి, నల్లనరం లాగేసి, ఆవగింజంత ముక్కలుగా తరిగాయి. వెల్లుల్లి నూరి, ఇంత ఆకుకూర తరిగి కలిపాయి. ముద్దను పళ్ళెంలో పలచగా అదిమి, నలుచదరపు బిళ్ళలు కోశాయి. తీరా గడ్డకట్టించడానికి ఆ ఇంట్లో ఫ్రిజ్ లేదు. పెనం మీద నూనె చుక్క వేసి కాల్చేశాడు.

వడ్డించాక గుర్తొచ్చింది, ఉప్పూ కారం వేయలేదని. చేపల మేతలో అవి వేయరు మరి.

గంగయ్య ఒక బిళ్ళ నోట్లో పెట్టుకుని మొహం అదోలా పెట్టాడు. "షేకులు ఇంత చప్పగా తింటారా బాబూ?"

"ఆయ్," అన్నాడు లాజరు.

వరప్రసాదం రెండు బిళ్ళలు తీసుకున్నాడు. ఒకటి తిన్నాడు. రెండోది సగం కొరికి, లోపల ఏముందో తిప్పితిప్పి చూశాడు. ఆ తర్వాత లాజరు వంక చూశాడు. ఆ చూపుకి లాజరు పైప్రాణాలు పైనే పోయాయి.

"చేతులు కడుక్కోవాలి. కాస్త నీళ్ళు పొయ్యండి బాబూ," అంటూ వరప్రసాదం లేచి పెరట్లోకి నడిచాడు.

లాజరు చెంబు పట్టుకుని వెంట వెళ్ళి నీళ్ళు పోశాడు. సగం నీళ్ళు వరప్రసాదం కాళ్ళ మీదే పడ్డాయి.

"ఇది షేకు గారి చేపలకి పెట్టేది కదండీ?" అన్నాడు వరప్రసాదం గొంతు తగ్గించి. "వెనక గదిలో ఫ్రీజర్లో ఉంటుంది."

అయిపోయింది, అంతా అయిపోయింది అనుకున్నాడు లాజరు. ఉన్నచోటే కూలబడ్డాడు. "మీ కాళ్ళు పట్టుకుంటానండి. లోపల మాత్రం చెప్పకండి."

వరప్రసాదం అతని భుజం పట్టుకుని లేవదీశాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

"నేనెలా చెబుతాను బాబూ? ఆ ఇంటి ప్రహరీ కట్టినన్నాళ్ళూ మా కూలీలందరం దొంగతనంగా తిని బతికింది అదే. కాల్చుకు తింటే ఇంత బావుంటుందని తెలీక గడ్డలే చప్పరించేం."