పద్నాలుగు రకాలు

“మళ్ళీ సున్నాయేనా? తెడ్డెయ్యడం వచ్చింది గానీ, రాయి ఎత్తడానికి మీకు నడుం వంగట్లేదు.” పడవపందేల కోచ్ ఏటి పురుగుల లెక్క రాసే కాగితాన్ని పొడుగమ్మాయి చేతిలోకి తోసేశాడు.

పొద్దుటినుంచీ ఏటికి ఎదురు పడవ నడిపి ఇద్దరమ్మాయిల అరచేతులూ బొబ్బలెక్కాయి.

“నలభై రాళ్ళు తిప్పాం సార్. ఒక్క పురుగు కూడా లేదు,” అంది పొడుగమ్మాయి.

“ఎందుకుండవు? నీళ్ళు బాగుంటే రాళ్ళ కింద పురుగులుంటాయి. పోయినేడాది పిల్లలకి పద్నాలుగు రకాలు దొరికాయి. అంతకుముందూ పద్నాలుగే. మీకే కనపడవా? దొరికేదాకా ఇంటికి పంపను. పడవెక్కండి.”

రెండో అమ్మాయి పడవెక్కలేదు. “పోయినేడాది మా అక్క వచ్చింది సార్.”

“అయితే?”

“వాళ్ళకీ ఏమీ దొరకలేదంట. మీరు ఇంటికి పంపనన్నారని, పడవల షెడ్డులో మీరు గీసిన పురుగుల చార్టు చూసి రాసిచ్చేశారంట.”

కోచ్‌కి ఒళ్ళు మండింది. అబద్ధమని తేల్చేద్దామని చెప్పులతోనే ఏట్లోకి దిగాడు. ఒక రాయి తిప్పాడు. ఇంకోటి తిప్పాడు. పదో రాయి కింద కూడా జిగట బురదే.

ఏరు శుభ్రంగా ఉందని ఏటేటా ఆ లెక్కమీద సంతకం పెట్టి పై అధికారులకి పంపింది తనే.

తడికాళ్ళతో షెడ్డులోకి వెళ్ళి, గోడమీది చార్టులో పురుగుల బొమ్మలు వేలుపెట్టి లెక్కపెట్టాడు. సరిగ్గా పద్నాలుగు.

బయటికొచ్చి పొడుగమ్మాయి ముందు చెయ్యి చాపాడు.

“ఆ కాగితం ఇటివ్వమ్మా. సున్నా చెరిపెయ్యలేదు కదా?”