విడిది గొడవ

భానుశ్రీకి అర్జెంటుగా గదులు కావాలి. మెట్లు ఉండకూడదు. బాత్‌రూమ్‌లో పట్టుకుని లేవడానికి స్టీలు కడ్డీలుండాలి. మంచం మరీ ఎత్తుగా ఉండకూడదు, మరీ కిందకీ ఉండకూడదు. పైగా అలాంటి గదులు రెండుండాలి. ఎందుకంటే ఇంట్లో మోకాళ్ళ నొప్పులవాళ్ళు ఇద్దరు. ఒకరు అమ్మ, ఇంకొకరు అత్తగారు.

కూతురు అక్షరకి ఏడో పుట్టినరోజు వస్తోంది. గురుగ్రామ్ దాటాక ఉన్న థీమ్ పార్కులో రెండు రోజులు గడపాలని దాని కోరిక. కిందటేడు పొద్దున అమ్మమ్మ ముందు ఒక కేకు, సాయంత్రం నాన్నమ్మ ముందు ఒక కేకు కోయించారు. ఈసారి అందరూ ఒకేచోట ఉండాలని, ఏ ఒక్కరు రాకపోయినా తనూ రానని పిల్ల తేల్చి చెప్పేసింది.

చిక్కంతా అక్కడే ఉంది. జనక్‌పురిలో ఉండే అమ్మ సీతారత్నానికీ, మయూర్ విహార్‌లో తమతోనే ఉండే అత్తగారు జానకీదేవికీ పెళ్ళినాటి నుంచీ పొసగదు. పెళ్ళిలో మగపెళ్ళివారికి మూడో అంతస్తులో విడిది ఇచ్చారు. సరిగ్గా ఆ రోజే లిఫ్టు పాడైంది. అప్పుడెక్కిన మెట్లే తన మోకాళ్ళని అరగదీశాయని అత్తగారు ఇప్పటికీ అంటూనే ఉంది. అవే మెట్ల మీద పూటకోసారి కాఫీలు మోసిన తన మోకాళ్ళ సంగతేమిటని అమ్మ అడుగుతూనే ఉంది. రెండిళ్ళూ ఒకే మెట్రో లైను మీద ఉన్నాయి. అయినా పండక్కీ పబ్బానికీ భర్తల వెంట వచ్చి, బొట్టు పెట్టించుకుని, జాకెట్టు ముక్క పుచ్చుకుని వెళ్ళడమే తప్ప వియ్యపురాళ్ళిద్దరూ కూర్చుని పట్టుమని పది మాటలు మాట్లాడుకున్నది ఎవరూ చూడలేదు.

ఆఫీసులో లంచ్ టైమంతా భానుశ్రీ హోటళ్ళకి ఫోన్లు చేసింది. మొదటి హోటల్లో లిఫ్టుంది. లిఫ్టంటే కళ్ళు తిరుగుతాయంది అత్తగారు. ఇంకో హోటల్లో మెట్లు లేని గదులు రెండు, అవీ పక్కపక్కనే దొరికాయి. సంబరంగా అమ్మకి చెబుదామంటే ఫోను ఎంగేజ్. పోనీ అత్తగారికి చెబుదామంటే అదీ ఎంగేజ్. చివరికి దొరికాక అమ్మ ససేమిరా అంది. గోడకవతల ఆవిడ దగ్గు వింటూ తనకి నిద్ర పట్టదట.

పార్కు గేటు పక్కనే ఉన్న రిసార్టు సంగతి అత్తగారే చెప్పింది. కింది ఫ్లాటు గుప్తా ఆంటీ వాళ్ళు వెళ్ళొచ్చారట. అత్తగారు పాలు తెల్లగా ఉంటాయన్నా ఒప్పుకోని అమ్మ, దీనికి మాత్రం సరేనంది. బతుకుజీవుడా అనుకుని భానుశ్రీ మూడు గదులు బుక్ చేసేసింది.

చేశాక రిసార్టు నుంచి ఫోనొచ్చింది. ర్యాంపూ కడ్డీలూ ఉన్న కింది గది ఒక్కటేనట. మిగతా రెండూ మేడమీద. లిఫ్టు లేదు.

ఇప్పుడు కింది గది అత్తగారికిస్తే కన్నతల్లిని మెట్లెక్కించిన కూతురవుతుంది. అమ్మకిస్తే మగపెళ్ళివారికి రెండోసారి మేడమీద విడిది ఇచ్చినట్టవుతుంది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. భర్త నవదీప్‌ని సలహా అడిగితే, నువ్వెలా అంటే అలాగేనని ల్యాప్‌టాప్‌లో తలదూర్చాడు.

ఆదివారం అమ్మనీ నాన్ననీ భోజనానికి పిలిచి పంచాయితీ పెట్టింది. కుడి మోకాలు వంగడం లేదంది అత్తగారు. తనకి రెండూ వంగవంది అమ్మ. అత్తగారు నడుముని కూడా కలిపింది. అమ్మ నడుముకి మడమని జోడించింది. పోనీ వీల్‌చైర్లు తెప్పిద్దామన్నాడు నాన్న. ఇద్దరూ ఆయన్ని చూసిన చూపుకి, మామగారితో కలిసి బుద్ధిగా క్రికెట్ చూస్తూ కూర్చున్నాడు.

"నేను రానులే. అమ్మమ్మకి ఒంట్లో బాగోలేదని పిల్లకి చెప్పండి," అంది అమ్మ.

"మీరెందుకు మానడం వదినగారూ? మేడలెక్కలేనిదాన్ని నేను. నేనే ఇంట్లో పడుంటాను," అంది అత్తగారు.

గుమ్మంలో నిలబడి వింటున్న అక్షర కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "తో ఫిర్ మై భీ నహీ జాఊంగీ," అని తనూ రానని హిందీలో తేల్చేసి లోపలికి వెళ్ళిపోయింది.

భానుశ్రీకి ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. పిల్ల అడిగింది ఏపాటి కోరికని?

"ఇద్దరికీ మోకాళ్ళే కదా నొప్పి. ఆ కింది గదిలో మీరిద్దరే ఉండండి. నాన్న, మామయ్యగారు పైన ఒక గదిలో ఉంటారు."

అనేశాక నాలుక కరుచుకుంది. వియ్యపురాళ్ళని ఒకే గదిలో దింపిన కోడలు వాళ్ళ ఇంటా వంటా లేదు. అత్తగారు పెద్దగా నిట్టూర్చింది. అమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. పసిదాని మొహం చూసి సర్దుకుంటానంది ఒకరు. రెండు రాత్రులే కాబట్టి పళ్ళబిగువున భరిస్తానంది ఇంకొకరు.

శనివారం కారులో దారి పొడుగునా ఒకరు ఎడమ కిటికీలోంచి, ఒకరు కుడి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. రిసార్టులో భానుశ్రీ ఇద్దరినీ మెల్లగా ర్యాంపు మీద నడిపించి, కడ్డీలు గట్టిగా ఉన్నాయో లేదో లాగి చూసి, తలుపు దగ్గరగా వేసి పైకి వెళ్ళింది. వెళ్ళిందే గానీ కుదురుగా కూర్చోలేకపోయింది. రేపు కేకు కోసే వేళకి ఇద్దరిలో ఒకరు అలిగి క్యాబ్ పిలిపించుకుంటే పిల్ల ఏమైపోవాలి?

భోజనాలకింకా టైముంది. వేడినీళ్ళ బ్యాగు వంకతో కిందికి దిగింది. తలుపు కొట్టబోతుంటే లోపల మంచాలు బరబరా ఈడుస్తున్న చప్పుడైంది. మొదలైపోయింది కొట్లాట అనుకుంది. చెవి తలుపుకి ఆనించింది.

లోపల అమ్మ నవ్వాపుకోలేక అంటోంది, "వదినగారూ, మీరు చెప్పినట్టు పోట్లాడబట్టి సరిపోయింది గానీ, మంచిగా అడిగితే మనిద్దరికీ కలిపి ఒక గది ఇచ్చేవాళ్ళా?"