తమ్ముడి పోట్లాట

"చేతులు దుప్పట్లోంచి తియ్యండి, డ్రైవరమ్మా," అంది నర్సు.

"చలిగా ఉందమ్మా."

"నాకు చెమటలు పోస్తున్నాయి. తియ్యండి."

ఇరవై ఏళ్లు సిటీ బస్సు నడిపిన చేతులు బయటికొచ్చాయి. అరచేతులు కందిపోయి, వేళ్ల మధ్య దద్దుర్లు. రక్తక్యాన్సర్‌కి, కొత్త రక్తాన్ని పుట్టించే మూలకణాలు ఎక్కించి అప్పటికి ఐదు వారాలు.

"ఎన్నాళ్ల నుంచి?"

"మూడు రోజులు. విరేచనాలు కూడా." ఆమె గొంతు తగ్గించింది. "డాక్టరుగారికి చెప్పకు తల్లీ. మందు పెంచి మా తమ్ముడి కణాల్ని నొక్కేస్తారు. వాడిచ్చిన కణాలే కదా నన్ను నిలబెట్టింది!"

నర్సు ఒక్క పరుగున వెళ్లి డాక్టరును వెంటబెట్టుకొచ్చింది.

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఆ కణాలు క్యాన్సర్‌ని వేటాడాలి. ఇప్పుడు మీ చర్మాన్నీ పేగుల్నీ కూడా పరాయివనుకుని కొడుతున్నాయి. వదిలేస్తే ప్రాణం మీదికొస్తుంది."

"అణిచేస్తే క్యాన్సర్ మళ్లీ తలెత్తదా?"

"అందుకే పూర్తిగా అణచం. కాస్త పట్టి ఉంచుతాం."

"బ్రేకు మీద కాలు పెట్టడమే గానీ, ఇంజను ఆపడం కాదన్నమాట."

"సరిగ్గా అదే. ఇంకెప్పుడూ దాచకండి. మీరు దాస్తే నేను గుడ్డివాణ్ణే."

"అలా చెప్పండి మరి! బ్రేకు సంగతి నాకు తెలీదా?" అని ఆమె సూదికి చెయ్యి చాపింది.

పది రోజులు నరకమే చూసింది. ముఖం ఉబ్బిపోయింది. గంజి కూడా కడుపులో నిలవలేదు. అయినా నోరు మాత్రం తగ్గలేదు. "ఒరేయ్, చాలించరా! అక్కతోనేనా నీ ప్రతాపం?" అని పొట్ట మీద చరిచేది. భర్త నవ్వాలో ఏడవాలో తెలియక కిటికీ వైపు తిరిగేవాడు.

పదకొండో రోజు రెండు ముద్దలు తింది. నిలిచాయి. ఆపై వారానికి దద్దుర్లు తగ్గిపోయాయి. ఎముక మజ్జ పరీక్షలో క్యాన్సర్ ఆనవాలే లేదు.

ఇంటికి బయల్దేరే రోజు నర్సు ఒక కాగితం, కవరు తెచ్చింది. "మీ తమ్ముడికి నాలుగు ముక్కలు రాయండి. మేం చేరుస్తాం."

ఆమె మంచం అంచున కూర్చుని రాసింది: "తమ్ముడూ, మనిద్దరికీ రాజీ కుదిరింది. వచ్చే ఏడాదికి మళ్లీ బస్సెక్కుతా. నువ్వు వేళకి తిను. ఒంట్లో బలం ఉంచుకో. అక్క."

కాగితం మడిచి, కవర్లో పెట్టి, అంటించి ఇచ్చింది.

తనకు కణాలిచ్చి తమ్ముడైన ఆ మనిషెవరో, ఏ ఊరివాడో ఆమెకు తెలియదు.