పదకొండో నంబరు

"హనుమంతరావు వాళ్ళ ఇల్లు ఇదేనామ్మా?"

చేటలో బియ్యం ఏరుకుంటున్న మాణిక్యాంబ తలెత్తింది. గుమ్మంలో ఎవరో కొత్త మనిషి. తెల్లచొక్కా, చంకలో గొడుగు, చేతిలో నోటుబుక్కు.

ఆ నోటుబుక్కు చూడగానే ఆవిడ చెయ్యి చేటలోనే ఆగిపోయింది.

కిందటి నెలలో ఇలాంటి మనిషే పక్కింటి రిబ్కా టీచరు దగ్గరికి వచ్చాడు. అమ్మా అమ్మా అంటూ మంచినీళ్ళు అడిగి తాగాడు. కొడుకు ప్రకాశం ఏం చదువుతున్నాడు, ఎక్కడ ఉంటున్నాడు అని తీయతీయగా అడిగాడు. పెళ్ళి సంబంధం కాబోలనుకుని ఆ పిచ్చితల్లి అన్నీ పూసగుచ్చినట్టు చెప్పింది.

మూడోనాడు తెనాలి స్టేషన్లో రైలు దిగుతుండగా కుర్రాణ్ణి పోలీసులు పట్టుకుపోయారు. ఆ వచ్చినవాడు సి.ఐ.డి. అని అప్పుడు తెలిసింది. జై ఆంధ్ర ఉద్యమంలో ఊరేగింపులు తీశాడట.

ఉద్యమం చల్లారి ఆరు నెలలైంది. పోలీసుల లిస్టులు మాత్రం చల్లారలేదు. ఆ ఊరేగింపుల్లో ప్రకాశం పక్కన నడిచింది మాణిక్యాంబ కొడుకు హనుమంతరావే. బాపట్ల కాలేజీలో ఇద్దరిదీ ఒకే గది.

"ఆ పేరుగలవాళ్ళు ఇక్కడ ఎవరూ లేరండి."

"రేపల్లెలో డ్రిల్లు మాస్టారి అబ్బాయని చెప్పారమ్మా."

"ఏ మాస్టారో ఏంటో, మాకు తెలీదండి."

వచ్చినాయన గోడకేసి చూశాడు. అక్కడ ఫోటోలో గెలిచిన కప్పు పట్టుకుని పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు హనుమంతరావు. కింద పేరు కూడా రాసి ఉంది. అబద్ధమాడే ముందు ఫోటో దాచాలని ఆవిడకేం తెలుసు, అలవాటుంటేగా!

"మీరు... గవర్నమెంటు వాళ్ళా?"

"అవునమ్మా. సెంట్రల్ గవర్నమెంటు."

మావాడి పేరు ఢిల్లీ దాకా వెళ్ళిందన్నమాట!

"కంగారు పడకండి. మీవాడి గురించి నాలుగు ముక్కలు రాసుకుందామని వచ్చాను. ఇంట్లో ఏమని పిలుస్తారు? ఏం ఇష్టంగా తింటాడు?"

రిబ్కానూ ఆ మనిషి అచ్చం ఇలాగే అడిగాడట.

మాణిక్యాంబ చేట పక్కకు నెట్టి లేచింది. రెండు చేతులూ జోడించింది.

"మీకు దణ్ణం పెడతాను బాబూ. వాడి పేరు ఎక్కడా రానివ్వకండి. నాకు ఒక్కగానొక్కడు."

ఆయన గోడమీది ఫోటోనీ ఆవిడ జోడించిన చేతుల్నీ మార్చి మార్చి చూశాడు.

"దిష్టి భయమామ్మా?"

సి.ఐ.డి. వాళ్ళకి దిష్టితో పనేంటో ఆవిడకు అర్థం కాలేదు. అయినా దొరికిందే చాలనుకుని గబగబా తల ఊపింది.

"మా అమ్మా ఇంతే. నలుగురిలో నన్ను మెచ్చుకుంటే ఊరుకునేది కాదు." ఆయన నోటుబుక్కు తెరిచి ఒక పేరు మీద గీత కొట్టాడు. "మాటిస్తున్నాను. నా నోట మీవాడి పేరు రాదు."

మంచినీళ్ళయినా అడగకుండా ఎండలో స్టేషన్ వైపు వెళ్ళిపోయాడు.

పోలీసు మాట నమ్మేదెట్లా? నాలుగు రోజులు ఆవిడకు ముద్ద దిగలేదు. మొగుడికి చెబుదామంటే, బసవేశ్వరరావు మాస్టారికి చెప్పడమూ ఊరికి చాటింపు వెయ్యడమూ ఒకటే. కొడుక్కి ఉత్తరం రాద్దామంటే, దారిలో విప్పి చదువుతారని భయం.

ఆదివారం సాయంత్రం బెజవాడలో జిల్లాల ఫుట్‌బాల్ ఫైనలు. గుంటూరు జిల్లా జట్టులో హనుమంతరావు ఉన్నాడు. "నువ్వు గ్రౌండులో కూర్చుంటే నా కాళ్ళు ఆడవు నాన్నా" అన్నాడని మాస్టారు ఇంట్లోనే ఉండిపోయి, రేడియోకి కొత్త బ్యాటరీలు వేయించాడు. ముందుగది నిండా జనం.

"ఆ కామెంటరీ చెప్పే ఆయన గొంతు వింటే కాళ్ళు ఊరుకోవు మాస్టారూ," అన్నాడు ఎదురింటి ముత్తయ్య. "కిందటేడు గోలు అనగానే నేనూ ఒక్క తన్ను తన్నాను. మా ఆవిడ పాలచెంబు పోయి బావిలో పడింది."

"పదేళ్ళనించి వింటున్నానయ్యా. ఇవాళ ఆయన నోట మనవాడి పేరు ఒక్కసారి వింటే చాలు, ఇంకేం అక్కర్లేదు నాకు."

మాణిక్యాంబ మాత్రం వంటింట్లో చెవులు మూసుకుని కూర్చుంది. అంతమంది జనం. ఆట అవగానే పోలీసులు గేటు దగ్గర కాచుకుని ఉంటారు. ప్రకాశాన్ని పట్టుకున్నట్టే పట్టుకుంటారు. దేవుడా, ఈ పూట గడిపించు!

అరగంటకు మాస్టారు విసవిసా వంటింట్లోకి వచ్చాడు.

"ఇదేం అన్యాయం మాణిక్యం! గోల్‌కీపరుది అంగలకుదురట, వాళ్ళమ్మ చేసే గారెలంటే ప్రాణమట. ఇంకొకడిది కొల్లిపరట, ఏట్లో ఈత నేర్చాడట. రేడియోలో ఆయన అందరి ఇళ్ళ సంగతులూ చెబుతున్నాడు. మనవాణ్ణి మాత్రం పదకొండో నంబరు, పదకొండో నంబరు! మనవాడికి పేరు లేదా?"

ఆయన మళ్ళీ రేడియో దగ్గరికి పరుగెత్తాడు.

ఉన్నట్టుండి ముందుగదిలో ఒకటే కేకలు.

పట్టుకున్నారు! మాణిక్యాంబ కొంగు జారిపోతున్నా చూసుకోకుండా గుమ్మం దాకా పరుగెత్తింది.

"గోలు మాణిక్యం! మనవాడే! ఆట కూడా అయిపోయింది, గెలిచాం!" మాస్టారి కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. రేడియోని రెండు చేతులా పట్టుకుని బతిమాలుతున్నాడు. "ఇప్పుడన్నా చెప్పవయ్యా బాబూ! ఒక్కసారి వాడి పేరు చెప్పవయ్యా!"

ఆ హోరులోంచి గొంతు నెమ్మదిగా వినిపించింది.

"గెలిపించింది పదకొండో నంబరు కుర్రవాడు. శ్రోతలు నన్ను మన్నించాలి, ఇతని పేరు మాత్రం నేను చెప్పలేను. దిష్టి తగులుతుందని నాకు దణ్ణం పెట్టిన ఒక తల్లికి, మొన్న వాళ్ళ గుమ్మంలో నిలబడి మాటిచ్చాను."