కలలో అన్న మాట

“వదినా, నీ కొడుకుకు నా బిడ్డను ఇయ్యనంటే ఇయ్య,” అంది సుచిత్ర, చాయ్ కప్పు అందిస్తూ.

యాదవ్వ చాయ్‌లో ముంచిన బిస్కట్టు విరిగి కప్పులో పడిపోయింది. నెల కిందట సంబంధం మాటెత్తింది ఆమే. ఇప్పుడు ముహూర్తం మాట్లాడదామని నంగునూరు నుంచి కొడుకు గజేందర్‌ను వెంటబెట్టుకుని సిద్దిపేట వచ్చింది. ఇరవై ఏళ్లలో తమ్ముడి భార్య నోట ‘ఊఁ’, ‘సరే వదినా’ తప్ప మూడో మాట విన్న గుర్తు లేదు ఆమెకు.

“ఏమన్నవ్?”

“ఇయ్య అన్న. మొన్న చుట్టాల పెండ్లిల నీ కొడుకు తాగి ఫంక్షన్ హాల్ గేటెక్కి కూసుండె. దిగురా అంటే నిన్నే తిట్టె. ఆఖరుకు నిచ్చెన దెచ్చి దించిరి. గసొంటోనికి నా బిడ్డనెట్లిస్త?”

గజేందర్ ఫోన్లో తల దూర్చాడు. సుచిత్ర భర్త రాజేంద్రప్రసాద్ లేచి నిలబడ్డాడు.

“సుచిత్రా! ఏం మాట్లాడుతున్నవ్?”

“నువ్వు కూసో. బోరు మోటర్లు బాగుచేసుడు తప్ప నీకేం తెల్వది. అక్క ముంగట నీ నోరు లేవదు.”

అని, సుచిత్ర నోరు బిగించి, రెండు వేళ్లతో ముక్కు గట్టిగా మూసుకుని ఊపిరి పీల్చబోయింది. ముఖం ఎర్రబడింది. కళ్లు పెద్దవయ్యాయి.

“అయ్యో! ఊపిరాడ్తలేదు. అంటే... గిది కల కాదా?”

లోపలికి పరుగెత్తి తలుపు వేసుకుంది.

రాజేంద్రప్రసాద్ తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు. “ఏమనుకోకు అక్కా. లూసిడ్ డ్రీమింగ్ అంటరట. కల పడుతుండంగనే ఇది కల అని ఎరుకయితదట. ఎరుకయినంక ఇష్టమొచ్చినట్టు నడిపిచ్చుకోవచ్చట. ఫోన్ల చూసి నేర్చుకున్నది. నోరు, ముక్కు మూసుకున్నా ఊపిరాడితే కల, ఆడకుంటే నిజం.”

“మరి ముక్కు ముందుగాల మూసుకోవాలె గాని, తిట్టినంకనా?” అంది యాదవ్వ.

రాజేంద్రప్రసాద్ మళ్లీ మెడ తుడుచుకున్నాడు.

మూడు వారాలుగా ఇంట్లో ఇదే ముచ్చట. పొద్దున్నే చాయ్ ఇస్తూ సుచిత్ర రాత్రి కల చెప్పేది. కోమటిచెరువు మీద ఎగిరానని ఒకరోజు. తను కుట్టాల్సిన జాకెట్లన్నీ వాటంతటవే కుట్టుకున్నాయని ఒకరోజు. రాజేంద్రప్రసాద్ నవ్వేవాడు. దిండు మీద తల ఆనగానే గురక పెట్టే మనిషి, కలలు గుర్తుండవు. భార్యను చూసి కాస్త అసూయ కూడా పడ్డాడు.

ఇప్పుడు భయం పట్టుకుంది. అక్క వాళ్లు బస్సెక్కగానే తన మోటర్ల షాపుకు తాళం వేసి, సుచిత్రను బండి మీద డాక్టర్ ఇశ్రాయేలు దగ్గరికి తీసుకుపోయాడు.

డాక్టరుగారు అంతా విన్నారు. “ఎప్పుడో ఒకసారి ఇట్లాంటి కల వస్తే ఏం కాదమ్మా. కొందరికి పీడకలలు కూడా తగ్గుతయ్. కానీ దానికోసమని నడుమ నడుమ అలారం పెట్టుకుని లేస్తే నిద్ర పాడయితది. తలనొప్పి, నీరసం, చిరాకు. కలేదో నిజమేదో తికమక మొదలైతే మాత్రం వెంటనే ఆపెయ్యాలె. నిద్ర ఎట్ల పడుతుంది మీకు?”

“మొద్దునిద్ర సార్,” అన్నాడు రాజేంద్రప్రసాద్. “ఎప్పుడు చూసినా కండ్లు మూసుకునే ఉంటది.”

“మీరెప్పుడు చూస్తరు?”

“నేను పండుకునే ముందు సార్.”

డాక్టరుగారు కళ్లజోడు పైనుంచి సుచిత్రను చూశారు. ఆమె తల వంచుకుంది.

“నెల రోజులు ఆ అభ్యాసం బంద్. మనసు కష్టపెట్టే ముచ్చట్లు ఇంట్ల ఎత్తకండి.”

తిరుగుదారిలో రాజేంద్రప్రసాద్‌కు అక్క ముఖమే కళ్లలో మెదిలింది. తల్లి పోయాక తనను చంకనేసుకుని పెంచింది అక్కే. ఆమె అడిగితే కాదనడం అతనికి చేతకాదు. అందుకే కూతురు సింధుజ హైదరాబాదులో నర్సింగ్ సీటు వచ్చిందని కాగితం చూపించినా, “అత్తకు మాటిచ్చినం బిడ్డా,” అని బీరువాలో పెట్టేశాడు. పిల్ల రెండు రోజులు అన్నం తినలేదు.

మర్నాడు క్షమాపణ చెబుదామని ఫోన్ తీసేలోపే అక్క నుంచే ఫోన్ వచ్చింది.

“తమ్ముడా, మనసుల వెట్టుకోకు. మీ ఆమెకు కలేందో నిజమేందో తెలుస్తలేదు. రేపు బిడ్డకు గట్లనే అయితే? చేతిల కత్తిపీట ఉన్నప్పుడు కల అనుకుంటే మా గతేంది?”

“డాక్టరు ఆపుమన్నడక్కా. ఆపేసింది.”

“ఆపినా ఒంట్లె ఉంటది గద. గజేందర్‌కు వేరే సంబంధం చూసుకుంటం.”

ఫోన్ పెట్టేశాక రాజేంద్రప్రసాద్‌కు పరువు పోయిందనిపించింది. ఆ వెంటనే ఛాతీ మీంచి బరువేదో దిగినట్టూ అనిపించింది. మాట తప్పింది తను కాదు, అక్కే వద్దంది. లేచి బీరువా తెరిచాడు.

“సింధూ, కాలేజీల ఎప్పటిలోగా చేరాలె?”

వారం తర్వాత బస్టాండులో రాజేంద్రప్రసాద్ పెట్టెను బస్సులో పైకి ఎక్కించే పనిలో ఉన్నాడు. కింద సింధుజ తల్లి చేతులు పట్టుకుంది.

“అమ్మా, ఒట్టు వెయ్యి. ఆ కలల జోలికి మళ్ల పోకు. నేను దూరముంట. మళ్ల గట్లయితే ఎవలు చూస్తరు?”

సుచిత్ర బస్సు వైపు ఒకసారి చూసింది. భర్త ఇంకా పెట్టెతోనే కుస్తీ పడుతున్నాడు. ఆమె కూతురి చెవి దగ్గరికి వంగింది.

“సంబంధం మాటొచ్చిన్నాటి సంది నాకు కంటిమీద కునుకే లేదు బిడ్డా.”